బోల్టు ఊడనప్పుడు ఏం చేయాలి: ఇంట్లో కారు రిపేరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది విశాఖలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో. ఇక్కడి ఉప్పుగాలి కిటికీ గ్రిల్లునీ వదలదు, కారునీ వదలదు. మా పాత ఆల్టో పనులు చాలావరకు అపార్ట్‌మెంటు పార్కింగులో నేనే చేసుకుంటాను. బ్రేక్ ప్యాడ్లు ఎలా మార్చాలో, షాక్ అబ్జార్బర్ ఎలా విప్పాలో వీడియో చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ వీడియోలో బోల్టు ఒక్క తిప్పుకి ఊడి వచ్చేస్తుంది. మన బండికి రాదు. అక్కడినుంచి ఏం చేయాలనే నన్ను తెలిసినవాళ్లు ఎక్కువగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇక్కడ రాస్తున్నాను.

అసలు బోల్టు ఎందుకు పట్టేస్తుంది?

ఎక్కువసార్లు తుప్పు వల్ల. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకి పైగా చోటు తీసుకుంటుంది. బోల్టు మరలకీ నట్టు మరలకీ మధ్య ఉండే సందు వెంట్రుకంత. ఆ సందులో తుప్పు ఉబ్బి, చెక్కలో కొట్టిన చీలలా గట్టిగా కూర్చుంటుంది.

రెండో కారణం అతిగా బిగించడం. పంక్చర్ షాపులో గాలి గన్నుతో బిగించిన వీల్ నట్లు అందరికీ తెలిసిన ఉదాహరణ. మూడోది, అల్యూమినియంలో స్టీలు బోల్టు. ఆ రెండు లోహాల మధ్య తేమ చేరితే తెల్లటి పొడి పుట్టి, బోల్టుని అతికించేస్తుంది. నాలుగోది, కొన్ని బోల్టులకి కంపెనీలోనే రాసి పంపే థ్రెడ్ లాక్ జిగురు.

కారణం ఏదో ముందే చూసుకోండి. తుప్పుకి ఆయిలు పనిచేస్తుంది. జిగురుకి ఆయిలు ఎంత పోసినా లాభం లేదు, దానికి వేడి కావాలి. అతిగా బిగించినదానికి పొడవాటి పానా చాలు.

పని మొదలుపెట్టేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే: ఆదివారం పని ఉంటే శుక్రవారం రాత్రే మొదలుపెట్టండి. విప్పాల్సిన బోల్టులు ఏవో చూసి, బయటికి కనిపించే మరల్ని వైరు బ్రష్షుతో గీకండి. మట్టీ తుప్పు పొరా పోకుండా ఆయిలు లోపలికి దిగదు. తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి దిగే పలుచటి ఆయిలు) కొట్టి, చిన్న సుత్తితో బోల్టు తలమీద నాలుగైదు సార్లు తట్టండి. గట్టిగా కొట్టొద్దు, తలుపు తట్టినట్టు చాలు. ఆ అదురుకి తుప్పులో సన్నని పగుళ్లు పడతాయి, ఆయిలు వాటిగుండా లోపలికి పోతుంది. శనివారం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఇదే పని. మొత్తం కలిపి పావుగంట పట్టదు.

ఆదివారం పొద్దున ఆ బోల్టు మీద పానా పెట్టి చూడండి. శుక్రవారం సాయంత్రం కదలనిది చాలాసార్లు కదులుతుంది. ఈ ఒక్క అలవాటు వచ్చాక నా చేతుల్లో విరిగే బోల్టులు బాగా తగ్గిపోయాయి. పనిముట్లు అవే, బండి అదే. మారింది ఆయిలుకి నేనిచ్చే టైము మాత్రమే.

డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుందా? కిరసనాయిలు పనిచేస్తుందా?

డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది. డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తోసేయడం. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఒక చిన్న కంపెనీ నీటిని తోసేసే ద్రవం కోసం ప్రయత్నిస్తే, నలభయ్యోసారి కుదిరింది. అందుకే ఆ 40. అట్లాస్ క్షిపణుల పైతొడుగు తుప్పు పట్టకుండా కాపాడటానికి దాన్ని వాడారు. అంటే అది పుట్టింది తేమని పారదోలడానికి. కొద్దిగా పట్టిన బోల్టుకి చాలు, బాగా ముదిరినదానికి తుప్పు కోసమే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ కొనుక్కోండి. డబ్బా ఒకటి కొంటే సంవత్సరం పైనే వస్తుంది.

కిరసనాయిలు, డీజిలు మన మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్నవే. పలుచగా ఉంటాయి కాబట్టి సందుల్లోకి దిగుతాయి. కాకపోతే ఒక రాత్రంతా నాననివ్వాలి. ఎసిటోనూ గేర్ ఆయిలూ సగం సగం కలిపే పద్ధతి కూడా ఉంది, బాగానే పనిచేస్తుంది. కానీ ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పెయింటునీ రబ్బరునీ పాడుచేస్తుంది. పార్కింగులో పిల్లలు తిరిగే చోట నేను దాన్ని వాడను.

ఏది వాడినా బ్రేక్ డిస్కు మీదా ప్యాడ్ల మీదా చుక్క పడకూడదు. పడితే డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి, ప్యాడ్లు మార్చేయాలి.

ఏ పానా వాడాలి?

బోల్టు పట్టేసి ఉందని అనుమానం వస్తే డబుల్ ఎండ్ పానా పక్కన పెట్టేయండి. అది రెండే పక్కల్ని పట్టుకుంటుంది, కాస్త బలం పెట్టగానే మూలలు అరిగిపోతాయి. రింగు పానా మేలు. దానికంటే మేలు ఆరు మూలల సాకెట్, అంటే బోల్టు తలమీద టోపీలా దిగే గొట్టం. మార్కెట్లో దొరికే సెట్లలో చాలావాటికి పన్నెండు మూలలు ఉంటాయి. అవి మామూలు పనికి హాయిగా ఉంటాయిగానీ, బలం పెట్టినప్పుడు బోల్టు మూలల మీదే నొక్కుతాయి. ఆరు మూలలది పక్కల మొత్తాన్నీ పట్టుకుంటుంది. సెట్టు మొత్తం కొనలేకపోతే 10, 12, 14, 17, 19 సైజుల్లో ఆరు మూలల సాకెట్లు విడిగా కొనుక్కోండి. హైదరాబాదువాళ్లకి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, మాకు గాజువాక ఆటోనగర్‌లో ఇవి విడిగా దొరుకుతాయి.

సైజుల గురించి ఒక మాట. మారుతి, హోండా, టొయోటా లాంటి జపాన్ పద్ధతి బండ్లలో 8 ఎంఎం బోల్టుకి 12 పానా, 10 ఎంఎం బోల్టుకి 14 పానా పడతాయి. యూరప్ పద్ధతి బండ్లలో 8 ఎంఎం బోల్టుకే 13 పానా పడుతుంది. 12 పానా పట్టే బోల్టుకి 13 పానా పెట్టి "పడుతోందిలే" అనుకున్నారంటే అక్కడికి ఆ బోల్టు తల పోయినట్టే. పానా పెట్టాక అటూఇటూ ఊపి చూడండి. ఏమాత్రం ఊగినా అది సరైన సైజు కాదు, లేదా తలమీద మట్టి ఉంది.

బ్రేక్ పైపుల నట్లు మెత్తగా ఉంటాయి, వాటికి పైపుమీదుగా దూరే ఫ్లేర్ నట్ పానా వేరే ఉంటుంది. బ్రేకుల పని చేసేవాళ్లు తప్పకుండా కొనుక్కోవాలి.

పానాకి పైపు తొడిగి లాగొచ్చా?

లాగొచ్చు, లెక్క తెలిసి లాగాలి. మీటరు పొడవు పైపు చివర 30 కిలోల బలంతో లాగితే బోల్టు మీద పడే తిప్పుడు బలం, అంటే టార్క్, దాదాపు 290 న్యూటన్-మీటర్లు. మామూలు మనిషికి 30 కిలోల లాగుడు పెద్ద కష్టమేమీ కాదు. చిన్న కారు వీల్ నట్టుకి ఉండాల్సిన బిగింపు 100కి అటూఇటూ. మూడు రెట్ల బలం పడుతున్నా పైపు పొడవు వల్ల మన చేతికి అది తెలియదు. 10 పానా పట్టే 6 ఎంఎం బోల్టుకైతే ఉండాల్సిన బిగింపే సుమారు 10 న్యూటన్-మీటర్లు. దానికి పైపు అసలు తొడగొద్దు, మామూలు రాట్చెట్ (సాకెట్‌ని ఒకవైపుకే తిప్పే పళ్ల పిడి) చేతిబలమే దాన్ని విరిచేస్తుంది.

పెద్ద బోల్టులకి, అంటే వీల్ నట్లు, సస్పెన్షన్ బోల్టులు, యాక్సిల్ నట్టుకి పైపు వాడుకోవచ్చు. రాట్చెట్‌కి తొడగకండి, లోపలి పళ్లు విరుగుతాయి. బ్రేకర్ బారు, అంటే లోపల పళ్లు లేని పొడవాటి పిడి, కొనుక్కోండి. తోయొద్దు, మీవైపుకి లాగండి. తోయాల్సి వస్తే అరచెయ్యి తెరిచి తోయండి. పానా జారిందంటే వేళ్ల కణుపులు నేరుగా ఇనుముకే తగులుతాయి.

వదులు చేయాల్సిన బోల్టుని ముందు బిగించమంటారు. ఎందుకు?

పట్టేసిన తుప్పు పొర ఎటు తిప్పినా విరుగుతుంది. ఒక్క వెంట్రుకవాసి బిగిస్తే ఆ పొర పగిలి, ఆయిలుకి దారి ఏర్పడుతుంది. తర్వాత వదులు వైపు తిప్పాలి. పావు చుట్టు వచ్చాక మళ్లీ కొద్దిగా వెనక్కి, మళ్లీ ముందుకి. మధ్యమధ్యలో ఆయిలు. ఒకేసారి పూర్తిగా తిప్పేస్తే తుప్పు రజను మరల మధ్య గుట్టపడి, సగంలో మళ్లీ పట్టేస్తుంది. అలా సగంలో పట్టినది మొదట పట్టినదానికంటే మొండి.

ఎడమ మరల సంగతి కూడా గుర్తుంచుకోండి. పాత లారీల్లో ఎడమవైపు చక్రాలకీ, కొన్ని బండ్లలో టై రాడ్ ఒక చివరకీ మరలు తిరగేసి ఉంటాయి. అక్కడ వదులు చేస్తున్నామనుకుని బిగిస్తూ పోతాం. ఎంతకీ రాకపోతే ఒకసారి ఆ బండి మాన్యువల్ చూడండి.

తిప్పుతుంటే బోల్టు రబ్బరులా సాగుతున్నట్టు అనిపిస్తోంది. ఆపాలా?

ఆపాలి. వెంటనే.

ఈ స్పర్శని మాటల్లో చెప్పడం కష్టమే అయినా ప్రయత్నిస్తాను. వదలబోయే బోల్టు ముందు రాయిలా ఉంటుంది. బలం పెంచుతూ పోతే ఒక్కసారి "టక్" మని పొడిగా, గట్టిగా శబ్దం వస్తుంది. ఆ తర్వాత తిరుగుడు తేలికవుతుంది. విరగబోయే బోల్టు అలా కాదు. పానా కదులుతుంది, మనకి సంతోషం వేస్తుంది, కానీ శబ్దం రాదు. బలం తగ్గదు, పెరగదు. తలమీద సున్నం ముక్కతో గీసిన గీత జరుగుతుంటుంది, అవతలి చివర మాత్రం తిరగదు. అంటే బోల్టు కాడ మెలిపడుతోంది.

నేను మొదటిసారి విరిచింది వెనక చక్రం బ్రేక్ బ్లీడర్ నిపుల్. అది బ్రేక్ పైపులోని గాలిని బయటికి పంపే, మధ్యలో బోలుగా ఉండే చిన్న స్క్రూ. సాయంత్రం ఆరైంది, వెలుతురు పోతోంది, ఇంకొక్క నిపుల్ మిగిలింది. పానా మెత్తగా ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది. వదిలిందనుకుని ఇంకాస్త లాగాను. తల పానాతోపాటు చేతిలోకి వచ్చేసింది. చూస్తే విరిగినచోట సగం నల్లగా, సగం వెండిలా మెరుస్తోంది. నల్లటిది ఎప్పుడో పగిలి తుప్పుపట్టిన భాగం, మెరిసేది అప్పుడే విరిగిన భాగం. వీల్ సిలిండర్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

అందుకే చెబుతున్నాను. చేతికి ఆ మెత్తదనం తగలగానే పానా కింద పెట్టండి. బోల్టుని మళ్లీ బిగింపు వైపు కొద్దిగా తిప్పి, ఆయిలు కొట్టి, ఆ రోజుకి వదిలేయండి. మర్నాడు వేడితో ప్రయత్నించండి.

వేడి చేయడం సురక్షితమేనా?

చోటుని బట్టి. వేడి చేయాల్సింది బోల్టుని కాదు, దాని చుట్టూ ఉన్న నట్టునో భాగాన్నో. అది వ్యాకోచిస్తే పట్టు సడలుతుంది. అల్యూమినియం స్టీలుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి అల్యూమినియంలో ఇరుక్కున్న స్టీలు బోల్టుకి కొద్ది వేడి చాలు. చిన్న గ్యాస్ టార్చ్ ఒక నిమిషం ఆడించి, మంట పూర్తిగా పక్కన పెట్టేశాక వేడిగా ఉన్న మర మొదట్లో కొవ్వొత్తి ఆనించండి. కరిగిన మైనం సందులోకి పీల్చుకుపోతుంది. ఆయిలు కొట్టొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది.

పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపులు, బ్రేక్ హోసులు, రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, సీఎన్‌జీ సిలిండర్, ఎయిర్‌బ్యాగ్ భాగాలు, వీటి దగ్గర మంట వద్దు. రెండు రోజులుగా మీరే ఆయిలు కొట్టిన చోట ముందు గుడ్డతో పూర్తిగా తుడవండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. కొన్ని బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ రసాయనాలు ఉంటాయి. అవి తగిలిన భాగాన్ని వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. స్ప్రే డబ్బా మీద ఏం రాసుందో చదవకుండా టార్చ్ వెలిగించకండి. పక్కన బకెట్టు ఇసుకో, మంట ఆర్పే సిలిండరో ఉండాలి.

బోల్టు తల గుండ్రమైపోయింది. ఇప్పుడెలా?

అదే పానాతో ఇంకోసారి ప్రయత్నించకండి. ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఒక సైజు చిన్న ఆరు మూలల సాకెట్ తీసుకుని సుత్తితో కొట్టి ఎక్కించండి. 14 తలకి 13 అలాగే ఎక్కుతుంది. అంగుళాల సైజులు కూడా అక్కరకొస్తాయి: అరిగిన 13 తలకి అర అంగుళం సాకెట్ అంటే 12.7 ఎంఎం. కుదరకపోతే ఆకురాయితో తలకి రెండు పక్కలా చదును చేసి, గ్రిప్ ప్లయర్ (నొక్కితే బిగుసుకుని లాక్ అయ్యే పట్టకారు) బిగించి తిప్పండి. లోపలివైపు వంకర పళ్లుండే బోల్టు ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు కూడా దొరుకుతాయి, బాగా పనిచేస్తాయి. నట్టు అయితే ఇంకా సులభం. నట్ స్ప్లిట్టర్‌తోనో పదునైన ఉలితోనో ఒక పక్క చీల్చేస్తే ఊడిపోతుంది.

స్క్రూ తల పోతే, స్క్రూడ్రైవర్‌కీ తలకీ మధ్య రబ్బరు బ్యాండు పెట్టి నొక్కి తిప్పండి. లేదా హ్యాక్‌సా బ్లేడుతో గాటు పెట్టండి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

బోల్టు విరిగిపోయింది. అంతా అయిపోయినట్టేనా?

కాదు. ముందు పని ఆపి, మొహం కడుక్కుని రండి. విరిగిన వెంటనే పది నిమిషాల్లో జరిగే నష్టం బోల్టు విరగడంకంటే ఎక్కువ ఉంటుంది. కోపంలో వంకరగా డ్రిల్లు పెట్టేది అప్పుడే.

బయటికి కొంత ముక్క కనిపిస్తుంటే మీరు అదృష్టవంతులు. గ్రిప్ ప్లయర్ గట్టిగా బిగించి, వేడీ మైనమూ వాడి అటూఇటూ ఆడించండి. లోపలికి విరిగితే, ముక్క మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టాలి. సరిగ్గా మధ్యలో ఉండాలి, అది అన్నిటికంటే ముఖ్యం. ఎడమకి తిరిగే డ్రిల్ బిట్లు దొరికితే అవే వాడండి. చాలాసార్లు డ్రిల్లు చేస్తుండగానే ముక్క వెనక్కి తిరిగి బయటికి వచ్చేస్తుంది. ఈజీ-అవుట్ అనే ఎడమ మరల పనిముట్టుతో మాత్రం చాలా జాగ్రత్త. అది గట్టిపరిచిన స్టీలు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని తినలేదు. సన్నని బోల్టుల్లో నేను దాన్ని వాడను.

పూర్తిగా డ్రిల్లు చేసి కొత్త మర వేయాల్సి వస్తే, 6 ఎంఎం బోల్టుకి 5 డ్రిల్లు, మామూలు 8 ఎంఎం బోల్టుకి 6.8, 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ఉన్న 10 ఎంఎం బోల్టుకి 8.8 వాడి, మర కోసే ట్యాప్ వేయాలి. పాత మరలు పూర్తిగా పోతే హెలికాయిల్ అనే తీగ చుట్ట ఉంటుంది. రంధ్రాన్ని పెద్దది చేసి అందులో ఆ చుట్ట దించితే, అల్యూమినియంలో స్టీలు మర వచ్చినట్టు అవుతుంది.

ఇవేవీ చేయగలమనిపించకపోతే వెల్డింగ్ షాపుకి వెళ్లడం మంచిది. ఒకసారి మా బండి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టం) స్టడ్డు, అంటే తల లేని బోల్టు, ఇంజిన్ హెడ్డుకి సమంగా విరిగింది. శబ్దం చేసుకుంటూనే గాజువాక ఆటోనగర్ దాకా నడిపాను. అక్కడ పెద్దాయన ఒకరు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించారు, వెల్డింగ్ కరెంటు బండి కంప్యూటర్‌ని పాడుచేయకుండా. విరిగిన ముక్కమీద ఒక నట్టు ఆనించి, దాని రంధ్రంలోంచి వెల్డింగ్ పోశారు. నట్టు ఎర్రబడింది. నేను పానా అందించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బాబూ, చల్లారనీ. ఇప్పుడు తిప్పితే తెగుద్ది," అన్నారు. ఎరుపు పోయి నలుపు తిరిగింది, తర్వాత బూడిదరంగు. ఆయన టీ తాగి వచ్చారు. రింగు పానా పెట్టి అంగుళం అటూ, అంగుళం ఇటూ ఆడించారు. నాలుగోసారికి కిర్రుమంటూ తిరిగింది. ముక్క మొత్తం నట్టుతోపాటు బయటికి వచ్చింది. అల్యూమినియం హెడ్డుకి స్టీలు వెల్డింగ్ అంటుకోదు కాబట్టి మరలు చెక్కుచెదరలేదు. నేను ఇంట్లో డ్రిల్లు పెట్టి ఉంటే హెడ్డు దించాల్సి వచ్చేదేమో.

వీల్ నట్లు రావడం లేదు. నట్లు వచ్చినా చక్రం రావడం లేదు.

చక్రం నేలమీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. బండితోపాటు వచ్చే పానా పొట్టిది, దానికి బదులు పొడవాటి వీల్ పానా డిక్కీలో పడేసుకోండి. పంక్చర్ వేయించినప్పుడల్లా "అన్నా, గన్ను వద్దు, చేత్తో బిగించు" అని అడగండి. రాత్రిపూట హైవే పక్కన ఒంటరిగా స్టెప్నీ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క మాట విలువ తెలుస్తుంది.

నట్లు తీశాక కూడా చక్రం హబ్బుకి అతుక్కుని ఉంటే, నట్లు నాలుగు మరలు మళ్లీ ఎక్కించి, టైరు పక్కని అరికాలితో తన్నండి. నట్లు ఉన్నాయి కాబట్టి చక్రం మీద పడదు. బండి స్టాండ్ల మీద ఉంటే గట్టిగా తన్నొద్దు. అప్పుడు కిందికి దించి, నట్లు వదులుగా ఉంచి, బండిని అడుగు ముందుకీ వెనక్కీ తోయండి.

బ్రేక్ డ్రమ్ము ఊడి రావడం లేదు.

హ్యాండ్ బ్రేక్ వేసి ఉందేమో చూడండి. చాలా డ్రమ్ముల మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో ఎక్కువగా 8 ఎంఎం బోల్టులు పడతాయి. రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ము బయటికి తోసుకొస్తుంది. అంచుమీద సుత్తితో బాదకండి, పోత ఇనుము పగులుతుంది.

ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు?

ఫిల్టర్ చేతికి జారుతుంటే గరుకు కాగితం చుట్టి తిప్పండి. పాత లెదర్ బెల్టు చుట్టి లాగినా తిరుగుతుంది. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పడం ఆఖరి మార్గం. రేకు చీలిపోయి, పట్టుకోవడానికి ఏమీ మిగలదు. తీశాక పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, బండి స్టార్టు చేసిన కాసేపటికే ఆయిలంతా నేలమీద ఉంటుంది.

డ్రెయిన్ బోల్టుని వేళ్లతో మొదలుపెట్టి, సగం దాకా వేళ్లతోనే ఎక్కించండి. వాషర్ కొత్తది వేయండి.

బండి సగం విప్పి ఉంది, రేపు ఆఫీసుకి వెళ్లాలి. బాగా టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్ నాకు తెలుసు. ఆదివారం రాత్రి తొమ్మిదికి, చేతులనిండా గ్రీజుతో, కరెంటు పోయి, ఫోను టార్చ్ వెలుగులో కూర్చుని ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఈ రాత్రికి వదిలేయండి. రేపు ఆటోలో వెళ్లండి. ఆటోకి పెట్టే డబ్బు, తొందరలో పాడుచేసే భాగం ఖరీదుకంటే చాలా తక్కువ. బ్రేకులూ స్టీరింగూ సగం బిగించిన బండిని ఎట్టి పరిస్థితుల్లోనూ రోడ్డెక్కించకండి.

వదిలే ముందు నాలుగు పనులు చేయండి. ఫోటోలు తీయండి. బండి జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద ఉందో లేదో చూడండి. విప్పిన చక్రాన్ని బండి కిందికి తోయండి, స్టాండు జారినా కొంత ఆధారం ఉంటుంది. బోల్టుల్ని విప్పిన వరుసలో సర్దండి. నేను మా ఇంట్లో పాత ఇడ్లీ ప్లేటు వాడతాను. ఒక్కో గుంటలో ఒక్కో భాగం బోల్టులు, పక్కన స్కెచ్ పెన్నుతో పేరు. మర్నాటికే కాదు, నెల తర్వాత చూసినా ఏది ఎక్కడిదో తెలుస్తుంది.

ఇంకో సలహా: విప్పేముందే విడిభాగం తెచ్చి, పాతదానితో పోల్చి చూసుకోండి. ఒకే మోడల్లో కూడా సంవత్సరం మారితే భాగం మారుతుంది. ఛాసిస్ నంబరు చెప్పి కొనండి.

జాకీ ఒక్కటే ఉంది. ఇటుకలు పెట్టి కిందికి దూరొచ్చా?

వద్దు. ఇటుక బరువు మోస్తూ మోస్తూ ఒక్కసారిగా పొడి అయిపోతుంది. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. రెండు జాక్ స్టాండ్లు కొనండి, చదునైన నేలమీద పెట్టండి, నేలమీదున్న చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. కిందికి వెళ్లేముందు బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. మొండి బోల్టుని లాగేటప్పుడు బండి మొత్తం కదులుతుంది, స్టాండ్లు తట్టుకోవాల్సింది ఆ కుదుపునే. కళ్లద్దాలు పెట్టుకోండి. పైకి చూస్తూ పనిచేస్తే తుప్పు రజను నేరుగా కళ్లలోనే పడుతుంది.

స్టాండ్లు కొనేదాకా కిందికి దూరే పని ఏదీ పెట్టుకోకండి. దీంట్లో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను, మా తమ్ముడికి కూడా.

మళ్లీ బిగించేటప్పుడు ఏం జాగ్రత్త?

మరల్ని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, వేళ్లతో ఎక్కించి చూడండి. వేళ్లతో ఎక్కని బోల్టు పానాతోనూ సరిగ్గా ఎక్కదు, అడ్డమరలో పడుతుంది. తుప్పు పట్టే చోట్ల మరలు పట్టేయకుండా ఆపే యాంటీ-సీజ్ పేస్టు కొద్దిగా రాయండి. మా లాంటి సముద్రతీరం ఊళ్లలో ఇది తప్పనిసరి. కానీ వీల్ నట్లకి రాయకండి. మర జారుడుగా ఉంటే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది, టార్క్ లెక్క తప్పుతుంది. అలాంటిచోట హబ్బు మీద, చక్రం ఆనేచోట పలుచగా రాస్తే చాలు.

పాడైన బోల్టు బదులు హార్డ్‌వేర్ షాపులో దొరికిన ఏదో ఒకటి వేయకండి. తలమీద 8.8 అనో 10.9 అనో ఉంటుంది, అది దాని బలం. అదే అంకె ఉన్నదే కొనండి. ఇంజిన్ హెడ్ బోల్టుల్లో కొన్ని ఒకసారే బిగించడానికి పనికొస్తాయి, విప్పితే కొత్తవి వేయాలి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కుంటే వీటిలో సగం సమస్యలు మళ్లీ రావు.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ కూడా ఇవే సలహాలా?

మిచిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి చోట్ల ఉంటే ఇంకా ఎక్కువ జాగ్రత్త. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. విశాఖ గాలి పదేళ్లలో చేసేపని ఆ ఉప్పు కొన్ని శీతాకాలాల్లోనే చేసేస్తుంది. చలికాలం అయ్యాక బండి అడుగు భాగం నీళ్లతో బాగా కడిగించండి. పని పెట్టుకుంటే రెండు రోజులు కాదు, వారం ముందునుంచే ఆయిలు కొట్టడం మొదలుపెట్టండి. టెక్సాస్, కాలిఫోర్నియాలో పెరిగిన బండ్లకి ఈ బాధ తక్కువే.

మా అబ్బాయి పదేళ్లవాడు. పక్కన కూర్చుంటానంటాడు. ఏ పని ఇవ్వొచ్చు?

కళ్లద్దాలు పెట్టించి, బండికి బయట కూర్చోబెట్టండి. కింద తల పెట్టనివ్వకండి. బోల్టులు తుడిచి ఇడ్లీ ప్లేటులో సర్దడం, సైజు చదివి సాకెట్ అందించడం వాడి పని. మా అమ్మాయి శుక్రవారం రాత్రి ఆయిలు కొట్టే పని తనదే అంటుంది. నేను టార్చ్ పట్టుకుని ఏ బోల్టో చూపిస్తాను, తను కొట్టి, చిన్న సుత్తితో ఐదుసార్లు లెక్కపెడుతూ తడుతుంది. ఆదివారం "టక్" అన్న శబ్దం వచ్చిందంటే మెట్లమీదినుంచి "వచ్చేసిందా నాన్నా?" అని అరుస్తుంది.